భర్తలకి కట్టిన తాజ్‌మహళ్ళు

తాజ్‌మహల్ చూసొచ్చి వ్యాసం రాసే వాళ్ళందరిదీ ఒకటే పాట. వెన్నెల, పాలరాయి, యమునానది, చావులేని ప్రేమ. చివర్లో ఓ నిట్టూర్పు. దాని ముందు ఫోటో దిగిన కొత్త పెళ్ళికూతురు, "మీరు నాకేం కట్టిస్తారు?" అని అడుగుతుంది. "ముందు నువ్వు పోవాలిగా!" అంటాడాయన. అందరూ నవ్వుతారు.

పాలరాతి అందాన్ని నేను కాదనడం లేదు. నా పేచీ కట్టడంతో కాదు, దాని చుట్టూ మనవాళ్ళు అల్లిన కథతో.

ముంతాజ్‌కి షాజహాన్‌తో 1612లో పెళ్ళయింది. 1631లో బుర్హాన్‌పూర్‌లో చనిపోయింది. అది పద్నాలుగో కాన్పు. పంతొమ్మిదేళ్ళ కాపురం, పద్నాలుగు కాన్పులు! పుట్టిన వాళ్ళలో సగం మంది చిన్నతనంలోనే పోయారు. చివరిసారి కూడా భర్త దక్కను దండయాత్రకి బయల్దేరితే, ఆవిడా వెంట వెళ్ళింది. షాజహాన్ దుఃఖం నటన అని నేననను. కానీ కాన్పులో పోయిన మనిషి మీద పేజీలకి పేజీలు రాస్తూ, ఆ కాన్పు మాటే ఎత్తని రచయితని రసికుడని ఎలా అనమంటారు? పురుడు పోసుకున్న ఏ ఆడదైనా ఆ లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగిపోతుంది.

ఈ కథలో ఇంకో లోపం ఉంది. మగవాడు భార్య కోసం కట్టడమే లోకంలో ఎక్కడా లేని వింత అయినట్టు రాస్తారు. అంతకు ముందే భర్తల కోసం కట్టిన ఇల్లాళ్ళున్నారు. వాళ్ళని ప్రేమమూర్తులని ఏ గైడూ పొగడగా వినలేదు.

ఢిల్లీలో హుమాయూన్ సమాధి చూశారా? 1556లో ఆయన గ్రంథాలయం మెట్ల మీంచి పడి పోయాడు. అక్బరు ఏలుబడిలో, ఆయన అండతో, హుమాయూన్ భార్య బేగా బేగం ఈ సమాధి కట్టించిందని ప్రసిద్ధి. మక్కా యాత్ర చేసి వచ్చింది గనక ఆవిణ్ణి హాజీ బేగం అన్నారు. నాలుగు భాగాల తోట, ఎత్తయిన అరుగు, పైన పెద్ద గుమ్మటం. తాజ్‌మహల్‌లో మనం మెచ్చుకునే పద్ధతి చాలామటుకు ఇక్కడ ముందే ఉంది. తాజ్ పని మొదలైంది 1632లో. ఇది 1570 ప్రాంతానికే తయారైంది. అయినా దీన్ని చూసిన వాళ్ళు "ఎర్రరాయి బాగుంది" అని బస్సెక్కేస్తారు.

ఇంకా వెనక్కి వెళ్ళండి. ఇప్పుడు టర్కీలో బోడ్రుం అంటున్న ఊరు ఒకప్పటి హాలికర్నాసస్. అక్కడి పాలకుడు మౌసోలస్ క్రీస్తుపూర్వం 353లో పోయాడు. ఆయన సమాధి పని నడిపించింది రాణి ఆర్టెమిసియా. అది ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి. ఇంగ్లీషులో సమాధి మందిరాన్ని మౌసోలియం అనడం ఆయన పేరు మీదే. భర్త పేరు నిఘంటువుకెక్కింది, భార్య పేరు పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకి కూడా రాదు.

అలాగని ఇప్పుడు ఆర్టెమిసియాకి హారతులు పట్టమనడం లేదు. ఆవిడ రాజ్యమేలిన మనిషి. అంత పెద్ద సమాధిలో ప్రేమతోపాటు వంశప్రతిష్ఠ కూడా ఉంటుంది. షాజహాన్‌కీ అదే వర్తిస్తుంది. ఒకరిది ప్రేమ, ఇంకొకరిది కట్టడం అని రెండు తూకపు రాళ్ళు వాడకండి అంటున్నానంతే.

మీ పర్సులో 2018 తర్వాతి ఊదారంగు వంద నోటుంటే వెనక్కి తిప్పి చూడండి. అక్కడున్నది గుజరాత్‌లో పాటన్ దగ్గర 'రాణీ కీ వావ్', అంటే రాణిగారి మెట్లబావి. పదకొండో శతాబ్దంలో ఉదయమతి తన భర్త మొదటి భీమదేవుడి జ్ఞాపకార్థం కట్టించిందంటారు. సమాధి కాదు, బావి! గోడల నిండా శిల్పాలు, అడుగున ఊరికి నీళ్ళు. కడవ మోసిన ఆడవాళ్ళకి ఇంతకన్నా మంచి జ్ఞాపకచిహ్నం ఏముంటుంది? రోజూ కూరలవాడికిచ్చే నోటు మీద ఆవిడ బావి ఉంది, పేరు తెలిసిన వాళ్ళు ఎందరు?

మన ఊళ్ళ సంగతీ అంతే. నాగార్జునకొండకి పిక్నిక్ వెళ్ళని తెలుగు కుటుంబం అరుదు. లాంచీ, పులిహోర, పిల్లల గోల. అక్కడి మహాచైత్యాన్ని కట్టించింది చాంతిసిరి. అశ్వమేధం చేసిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి చెల్లెలు. అన్న యజ్ఞాలు చేస్తే చెల్లెలు బౌద్ధ చైత్యం కట్టించింది. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ ఇహపరాల్లో సుఖంగా ఉండాలని, తనకి నిర్వాణం కలగాలని ప్రాకృత భాషలో స్తంభం మీద చెక్కించింది. ఇక బోధిసిరి రాణి కూడా కాదు, ఒక గృహస్థు కూతురు. తన శాసనంలో అమ్మానాన్నల్నీ, భర్తనీ, అన్నదమ్ముల్నీ, బంధుగణాన్నంతా పేరుపేరునా తలుచుకుంది. పూజ దగ్గర మనం చేసేదీ అదేగా!

ఆ లోయంతా సాగరం నీళ్ళ కింద ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన వస్తువుల్ని, కొన్ని కట్టడాల్ని కొండ మీదికి చేర్చారు. రాళ్ళని కాపాడుకున్నాం, మంచిదే. ఆ రాళ్ళ మీది పేర్లు పిల్లలకి చెప్పడం మాత్రం మన పని.

యాత్రలకి వెళ్ళండి, ఫోటోలు తీసుకోండి, వెన్నెల్లో నిట్టూర్చండి కూడా. కానీ గైడు కథ ముగించాక, "ఇది ఎవరు కట్టించారు బాబూ? వాళ్ళ గురించి ఇంకేం తెలుసు?" అని అడగండి. నలుగురు అడిగితే, అయిదో ట్రిప్పుకి వాడే చదువుకొచ్చి చెబుతాడు.