చివరి మనిషికి జోకు ఎవరు చెప్తారు?

భూమ్మీద మిగిలిన చివరి మనిషి అనగానే ఒక రెడీమేడ్ బొమ్మ కళ్ళముందుకొస్తుంది. గడ్డం పెరిగిన మగాడు, ఖాళీ నగరం, చేతిలో తుపాకీ, వీలైతే పక్కన ఒక కుక్క. మేరీ షెల్లీ 1826లో రాసిన ‘ది లాస్ట్ మాన్’ దగ్గర్నుంచి రిచర్డ్ మాథెసన్ 1954లో రాసిన ‘ఐ యామ్ లెజెండ్’ దాకా ఈ కథల్లో దుఃఖం ఉంటుంది, భయం ఉంటుంది, నవ్వు మాత్రం చాలా అరుదు. అది రచయితల లోపం కాదు. ఒంటిగా మిగిలినవాడు జోకు వేస్తే వినేదెవరు? ‘ది మార్షియన్’లో మార్క్ వాట్నీ అన్ని జోకులు వేయగలిగాడంటే, తన లాగ్‌లు ఎప్పటికైనా ఎవరో ఒకరు చదువుతారన్న ఆశ ఉండబట్టే.

త్సుకుమిజు అనే కలంపేరుతో గీసే మాంగా ఆర్టిస్ట్ ఈ సమస్యకి చాలా చిన్న పరిష్కారం కనిపెట్టారు. చివరి మనిషి బదులు చివరి ఇద్దరు. అంతే. ‘గర్ల్స్ లాస్ట్ టూర్’ 2014 నుంచి 2018 దాకా షించోషా సంస్థ వెబ్ మాగజైన్‌ ‘కురాగే బంచ్’లో వచ్చింది. మొత్తం 6 సంపుటాలు. 2017లో వైట్ ఫాక్స్ స్టూడియో దీన్ని 12 ఎపిసోడ్ల యానిమేగా తీసింది. 2019లో కామిక్ విభాగంలో సేయున్ అవార్డు కూడా వచ్చింది. మన దగ్గర యానిమే చూసినవాళ్ళే ఎక్కువ. అది కథ పూర్తవకుండానే ఆగిపోతుంది. నేను మాట్లాడబోయేది మాంగా గురించి, ముగింపుతో సహా. ఇంకా చదవనివాళ్ళు ఇక్కడే ఆగొచ్చు.

చితో, యూరి అనే ఇద్దరమ్మాయిలు అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన ఒక పాడుబడ్డ మహానగరంలో పైకి ప్రయాణిస్తుంటారు. వాళ్ళ బండి కెట్టెన్‌క్రాడ్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు వాడిన, ముందు మోటార్‌సైకిల్ చక్రం, వెనక ట్యాంకు పట్టీలు ఉండే విచిత్రమైన వాహనం. చితో బండి నడుపుతుంది, చదువుతుంది, డైరీ రాస్తుంది, కంగారు పడుతుంది. యూరి తింటుంది. తినడానికేమీ లేనప్పుడు పడుకుంటుంది. యుద్ధం ఎందుకు జరిగింది, నగరం ఎవరు కట్టారు, మిగతావాళ్ళు ఏమయ్యారు? వాళ్ళకీ సరిగ్గా తెలీదు, మనకీ ఎవరూ చెప్పరు.

ఇందులో హాస్యం పంచ్ డైలాగుల వల్ల పుట్టదు. పదాలు మిగిలి, అర్థాలు పోవడం వల్ల పుడుతుంది. ఇల్లు, గుడి, యుద్ధం, చేప: మాటలన్నీ వాళ్ళకి వారసత్వంగా వచ్చాయి. ఆ మాటల వెనకున్న ప్రపంచం రాలేదు. మనుషులు యుద్ధాలు ఎందుకు చేసుకున్నారని చితో బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే, మిగిలిన ఒక్క బిస్కెట్ కోసం యూరి ఆమె మీద తుపాకీ గురిపెడుతుంది. బిస్కెట్ తినేస్తుంది. తన్నులు కూడా తింటుంది. నవ్వొస్తుంది. నవ్వు ఆగాక, ఆ ప్రశ్నకి జవాబు అక్కడే దొరికిపోయిందని గుర్తొచ్చి కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

నా ఉద్యోగం వల్లేమో, ఆ నగరం నాకు అచ్చం పాత సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌లా కనిపించింది. రాసినవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, డాక్యుమెంటేషన్ లేదు, అయినా ఎక్కడో ఏదో ఒక జాబ్ టైముకి రన్ అవుతూనే ఉంటుంది. లైట్లు వెలుగుతాయి. ఒకచోట ఒక రోబో, ఒకే ఒక్క చేప మిగిలిన తొట్టెని చూసుకుంటూ ఉంటుంది. ఇంకో పెద్ద యంత్రం తనకిచ్చిన పని ప్రకారం ఆ కట్టడాన్నే కూల్చడానికి వస్తుంది. రెండూ తమ డ్యూటీ సక్రమంగా చేస్తున్నాయి. ఆపమని చెప్పే అధికారం ఉన్నవాళ్ళే లేరు. మొదట్లో ఆ చేపని తినాలని చూసిన యూరి, చివరికి దాన్ని కాపాడటానికి పేలుడు పదార్థాలు పట్టుకుని బయల్దేరుతుంది. ఈ మార్పుకి త్సుకుమిజు ఎలాంటి సంజాయిషీ ఇవ్వరు. ఇవ్వకపోవడమే నాకు నచ్చింది.

బొమ్మల గురించి ఒక్క మాట. మొహాలు పిండిముద్దల్లా ఉంటాయి, రెండు చుక్కలు పెడితే కళ్ళు. వెనక నగరం మాత్రం గీతల మీద గీతలు గీకి, పైకి చూస్తే మెడ నొప్పెట్టేలా ఉంటుంది. ముద్దు మొహాలతో విషాదానికి పంచదార పూశారనే విమర్శ నేనూ విన్నాను. నేను ఒప్పుకోను. అంత నగరంలో ఇంత చిన్న మొహాలు ఉండటంలోనే భయముంది.

అలాగని అంతా బాగుందని కాదు. మధ్య సంపుటాల్లో, కొత్త చోటుకి రావడం, ఒక వస్తువు చూడటం, చితో అడగడం, యూరి తిక్క జవాబు చెప్పడం అనే పద్ధతి రిపీటవుతుంది. పుట్టగొడుగుల్లాంటి జీవులొచ్చి, తమకి తెలిసినంతలో మీరిద్దరే చివరి మనుషులని చెప్పే ఘట్టం నాకు కొంచెం నిరాశే. మనం పేజీల మధ్య ఊహించుకుంటున్నదాన్ని నోరు తెరిచి చెప్పేయాల్సిన అవసరం ఏముంది?

కానీ మొదటి సంపుటంలో వేసిన ఒక చిన్న జోకు ఈ లోపాలన్నింటినీ మర్చిపోయేలా చేస్తుంది. చితో ప్రాణంగా చూసుకునే పుస్తకాల్లో ఒకటి అకుతగవ రాసిన ‘కప్పా’. యూరి దాన్ని ఏదో చెత్త కాగితం అన్నట్టు మంటలో పడేస్తుంది. చితో మాట్లాడటం మానేసి పడుకుంటుంది. యూరి ఆ డైరీ తీసి, రాకరాని రాతతో సారీ రాస్తుంది. అందులోనూ తప్పే. జపనీస్‌లో ‘మె’, ‘ను’ అక్షరాలు దాదాపు ఒకలాగే ఉంటాయి, చివర్లో ఒక్క చుట్టు తేడా. మనకి ‘వ’, ‘ప’ లాగన్నమాట. యూరి ఒకటి రాయబోయి ఇంకొకటి రాస్తుంది. క్షమాపణ కాస్తా అర్థంలేని మాట అవుతుంది. అర్థంలేని ఆ మాట మాత్రం చేరాల్సిన మనిషికి చేరుతుంది.

ఆరో సంపుటానికి వచ్చేసరికి ఒక్కొక్కటే పోతుంటాయి. బండి ఇక బాగుచేయడానికి వీల్లేకుండా చెడిపోతుంది. చితో ఏడుస్తుంది, తర్వాత దాన్నే స్నానాల తొట్టిగా మార్చి ఇద్దరూ వేణ్ణీళ్ళలో కూర్చుంటారు. చలికి తట్టుకోవడానికి పుస్తకాలు కాలుస్తారు, చివరికి డైరీ కూడా. మొదట్లో పుస్తకం కాలినందుకు గొడవపడ్డ మనిషే ఇప్పుడు తన చేత్తో తను రాసుకున్నవి మంటలో వేస్తుంది. అదే పని మొదట కామెడీ. ఇప్పుడు దాన్ని ఏమనాలో తెలీదు.

అంతకుముందే ఒక కృత్రిమ మేధ ఎదురవుతుంది. అదైతే నిజంగా ఒంటరి. మనుషులు అప్పజెప్పిన పని ఎప్పుడో అయిపోయింది, తనంతట తను ఆగిపోలేదు. తనని చెరిపేయమని వీళ్ళని అడుగుతుంది, వీళ్ళు చేసిపెడతారు. చివరి మనిషి కథ అని మనం ఇన్నాళ్ళూ చదివింది నిజానికి ఈ యంత్రం కథేనేమో. మాట్లాడటానికి మనిషి దొరికినప్పుడు అది అడిగింది సెలవు.

ఇద్దరూ అన్నిటికన్నా పై అంతస్తుకి చేరతారు. అక్కడ మంచు తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. ఇంత దూరం రావడం సరైనదేనా అని చితోకి అనుమానం, ఎప్పట్లాగే. ఆ అనుమానానికి తోడుగా యూరి ఉంటుంది, ఎప్పట్లాగే. ఆ తర్వాత వాళ్ళు బతికారా, చనిపోయారా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటుంటారు. నాకు ఆ వాదన మీద పెద్ద ఆసక్తి లేదు. నేను మళ్ళీ మళ్ళీ చూసేది ఆ పేజీల్లో వాళ్ళు మాట్లాడుకునే తీరుని. బండి ఉన్నప్పుడు, తిండి ఉన్నప్పుడు ఎలా మాట్లాడుకున్నారో అలాగే మాట్లాడుకుంటారు. ఉన్న కాస్త తిండీ తినేస్తారు. మిగతా సంగతి లేచాక ఆలోచించొచ్చని పడుకుంటారు.