సూది పెట్టి చూసి కొనే సంగీతం

బెర్లిన్‌లోని క్రాయిట్స్‌బెర్గ్ పేటలో మార్క్ ఎర్నెస్టస్ 1989లో హార్డ్ వాక్స్ అనే రికార్డుల దుకాణం పెట్టాడు. బెర్లిన్ గోడ కూలిన ఏడాదే అది. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పుట్టిన టెక్నో సంగీతం బెర్లిన్‌కు చేరిన ముఖ్యమైన దారుల్లో ఈ దుకాణం ఒకటి. దానికి పేరు తెచ్చిన ఇంకో సంగతి ఉంది, పిసినారి రాత. కొత్తగా వచ్చిన రికార్డు గురించి అక్కడివాళ్లు రాసేది ఒక్క వాక్యం, చాలాసార్లు అది కూడా పూర్తి వాక్యం కాదు. ఎలాంటి టెక్నో, ఎక్కడిది, బరువైనదా తేలికైనదా, అంతే. బాగా నచ్చితే పక్కన ఒక చిన్న మెచ్చుకోలు మాట. పత్రికల్లో పేజీలకు పేజీలు సంగీత సమీక్షలు చదివేవాడికి ఇది బద్ధకంలా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం సంగీతం గురించి ఇంత నిజాయితీగా రాసేవాళ్లు తక్కువ. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ రికార్డు ఎలాంటి వస్తువో చూడాలి.

మన ఇళ్లలో రికార్డు అంటే సినిమా పాటల ఈపీ. ఏడంగుళాల పళ్లెం, నిమిషానికి 45 చుట్లు, రెండు వైపులా కలిపి మహా అయితే నాలుగు పాటలు. టెక్నోవాళ్లది పన్నెండంగుళాల పళ్లెం. సినిమా మొత్తం పాటలు పట్టే ఎల్పీ అంత ఉంటుంది, కానీ అందులో ఉండేది ఒక వైపు ఒకటో రెండో ట్రాకులు. అంత చోటు ఎందుకు వృథా చేస్తారంటే, అది వృథా కాదు. సూది నడిచే గాడి ఎంత వెడల్పుగా ఊగితే మోత అంత పెద్దది, బేస్ అంత లోతు. ఎల్పీలో ఒక వైపు ఇరవై నిమిషాలు ఇరికించాలంటే గాళ్లు దగ్గర దగ్గరగా పడాలి, మోత తగ్గించాలి. పది నిమిషాలే అయితే గాడికి ఊగడానికి చోటు దొరుకుతుంది. 1970ల నడుమ న్యూయార్క్ డిస్కో కాలంలో టామ్ మౌల్టన్ చేతుల్లో ఈ పన్నెండంగుళాల సింగిల్ తయారైంది. టెక్నో దాన్ని అక్కడినుంచి తీసుకుని ఇంతవరకూ వదల్లేదు.

వస్తువు అలా ఉండడానికి అసలు కారణం వేరే ఉంది. టెక్నో ట్రాకు ఒంటరిగా వినడానికి చేసింది కాదు. డీజే దగ్గర రెండు టర్న్‌టేబుళ్లు ఉంటాయి. ఒకదాని మీద ట్రాకు నడుస్తుండగానే రెండోదాని మీద ఇంకో ట్రాకును హెడ్‌ఫోన్లలో విని, వేగం సరిచేసి, మొదటిదానిలో కలుపుతాడు. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 యంత్రంలో వేగాన్ని 8 శాతం పైకీ కిందికీ జరిపే మీట ఉంది, ఈ కళంతా దాని మీదే పెరిగింది. అందుకే ట్రాకు మొదట్లో నిమిషం పాటు ఒట్టి డ్రమ్ములే ఉంటాయి, చివర మళ్లీ డ్రమ్ములే మిగులుతాయి. అవి అతుకు వేయడానికి వదిలిన అంచులు. డెట్రాయిట్ డీజే జెఫ్ మిల్స్ ఈ సంగతి దాచుకోకుండా తన లేబుల్‌కు పర్పస్ మేకర్ అనే పేరు పెట్టాడు. 1997లో దాని మీద వచ్చిన ‘ది బెల్స్’ ఈ రోజుకీ క్లబ్బుల్లో మోగుతూనే ఉంది. దాన్ని కుర్చీలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా వింటే, ఇంత గొడవ దీనికా అనిపించవచ్చు. ఇంకో రికార్డు మీదుగా అది మెల్లగా పైకి తేలుతున్నప్పుడు వింటే ఆ మాట రాదు.

కాబట్టి దుకాణంలో రికార్డు ఎంచేవాడి ప్రశ్న ‘ఇది బాగుందా’ అనే కాదు, ‘ఇది దేని పక్కన నిలుస్తుంది’ అని. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి ఒకటుంది. కొత్తగా వచ్చినవాటిలోంచి ఓ కట్ట తీసుకుని వినే బల్ల దగ్గరికి వెళ్తారు. ఒక్కో రికార్డుకూ ఒకటి రెండు నిమిషాలు. సూది మొదట పెట్టి కిక్ డ్రమ్ ఎలా ఉందో చూస్తారు. సూది ఎత్తి నడుమ పెడతారు, మూడింట రెండొంతులు దాటాక ఇంకోసారి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు గానీ, ఇక్కడ ఒక్క మెతుకు చాలదు. మొదట్లో ఉన్నదే చివరిదాకా ఉంటే అది సంగీతం కాదు, లూపు. అలాగని నడుమ ఊహించని కేకలూ ఉరుములూ వస్తే ఆ రికార్డు ఇంకోదానితో కలవదు. మూడు చోట్లా ఒకే మనిషి మాట్లాడుతున్నట్టుండాలి, మూడు చోట్లా ఏదో ఒకటి మారి ఉండాలి.

అనుభవం ఉన్నవాళ్లు సూది పెట్టకముందే సగం చదివేస్తారు. పళ్లేన్ని దీపం కింద వంచి చూస్తే గాళ్ల రంగు అంతటా ఒకేలా ఉండదు. మోత ఎక్కువున్న చోట తెల్లగా గరుకుగా, డ్రమ్ములు ఆగిపోయి సద్దుమణిగిన చోట నల్లగా నున్నగా కనిపిస్తుంది. ఆ నల్ల పట్టీలు ఎన్ని, ఎంత వెడల్పు, ఎక్కడెక్కడ అన్నది చూస్తే ట్రాకు నడక తెలిసిపోతుంది. డీజే చీకటి గదిలో చిన్న దీపం పెట్టుకుని పళ్లెం మీదికి వంగేది ఇందుకే.

ఇక ఒక సూత్రం. ప్రతి వైపూ మొదటి ట్రాకు అంచున ఉంటుంది, రెండోది లోపల. నిమిషానికి 33⅓ చుట్ల వేగంతో తిరిగే పళ్లెం అంచున సూది కింద గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లోపలికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే శబ్దం అంత తక్కువ పొడవులో ఇమడాలి కనుక హై హ్యాట్ లాంటి పదునైన ధ్వనులు లోపలి గాళ్లలో మొద్దుబారతాయి. అందుకే పెద్ద మోత ట్రాకును మొదటి వైపు, అంటే ‘ఏ’ వైపు, అంచున పెడతారు. రెండోదైన ‘బీ’ వైపు లోపలి ట్రాకు ఎవరూ పట్టించుకోని మూల. చేసినవాడు భయం లేకుండా తన మనసులో ఉన్నది పెట్టుకునేది అక్కడే. నా లెక్కలో కొత్త లేబుల్‌ను అంచనా వేయాలంటే ముందు వినాల్సింది ఆ ట్రాకునే. ఏ1 బాగుంటే చేసినవాడికి పని వచ్చని అర్థం. బీ2 బాగుంటే చెప్పడానికి వాడి దగ్గర ఏదో ఉందని అర్థం.

గాడిని ఆటగా మార్చినవాళ్లూ ఉన్నారు. రికార్డు గాడి సహజంగా లోపలికి చుట్టుకుంటూ పోతుంది. అలా పోనివ్వకుండా ఒక చుట్టును దానిలోకే కలిపేస్తే సూది అక్కడే తిరుగుతుంది, ఎవరో ఎత్తేదాకా. 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు. అందులో నాలుగు దెబ్బలు పడితే నిమిషానికి 133 బీట్లకు కాస్త పైన, సరిగ్గా టెక్నో వేగం. 1994లో జెఫ్ మిల్స్ తన యాక్సిస్ లేబుల్ మీద ‘సైకిల్ 30’లో ఇలాంటి మూసిన గాళ్లు పెట్టాడు. ఆ కోత వెనక డెట్రాయిట్‌లో రికార్డుల గాళ్లు కోసే రాన్ మర్ఫీ చేయి ఉంది. అట్ట మీద పేరు కనిపించని ఇలాంటి పనివాళ్లు లేకపోతే డెట్రాయిట్ టెక్నో ఇంత గట్టిగా మోగేది కాదు. బేస్‌ను రెండు చెవులకూ వేరువేరుగా పంచితే గాడి పైకీ కిందికీ ఎగిరి సూది గెంతుతుంది, కాబట్టి దాన్ని నడిమికి తేవాలి. పదును ఎక్కువైతే కోసే సూదిని పట్టుకున్న తల వేడెక్కుతుంది, కాబట్టి కాస్త అణచాలి. ఈ బేరాలన్నీ ఆడేది కోసేవాడే. పళ్లెం నడుమ ఉండే కాగితపు లేబుల్‌కూ చివరి గాడికీ మధ్య ఖాళీ జాగాలో మర్ఫీ తన గుర్తు చెక్కేవాడు. డెట్రాయిట్ టెక్నో బృందం అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్లు అక్కడ సందేశాలు కూడా చెక్కించేవారు. రికార్డు కొనేవాళ్లు ముందు ఆ మూల చదవడం అలవాటు చేసుకుంది అలాగే. కోసింది ఎవరో తెలిస్తే మోత ఎలా ఉంటుందో సగం తెలిసినట్టే.

అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్‌ను నడిపించిన మ్యాడ్ మైక్ బ్యాంక్స్ ముఖం చూపించడానికి ఇష్టపడనివాడు. పేరు లేని తెల్ల లేబుళ్లు, రబ్బరు ముద్రలు, ముసుగు ఫొటోలు ఈ సంగీతంలో మొదటినుంచీ ఉన్నాయి. బెర్లిన్‌లో ఎర్నెస్టస్, మోరిట్స్ ఫాన్ ఓస్వాల్డ్ కలిసి 1993లో మొదలుపెట్టిన బేసిక్ ఛానెల్ రికార్డుల మీద కూడా చదవడానికి దాదాపు ఏమీ ఉండదు. ఎవరు చేశారన్నది పక్కన పెట్టి చెవికి పని చెప్పమని దాని అర్థం. ఈ రోజుల్లో అదే తెల్ల లేబుల్ వ్యాపార ఎత్తుగడగా కూడా మారింది. మూడువందల కాపీలే, మళ్లీ అచ్చు వేయం అని ప్రకటిస్తే వినకుండానే కొనేసి, మర్నాడే రెట్టింపు ధరకు పెట్టేవాళ్లున్నారు. అరుదైనదల్లా మంచిది కాదు. కొన్ని రికార్డులు అరుదుగా ఉండడానికి కారణం అప్పట్లో ఎవరికీ నచ్చకపోవడమే.

వస్తువుగా చూసి కొనాల్సినవి కూడా ఉన్నాయి. రంధ్రం నడిమధ్యన పడకపోతే పళ్లెం తిరుగుతుంటే సూది చేయి అటూ ఇటూ ఊగుతుంది, స్వరం ఊగిసలాడుతుంది. డ్రమ్ములైతే చెవికి అంతగా తెలియదు. సాగదీసిన సింథ్ స్వరం ఉంటే మాత్రం కడుపులో తిప్పినట్టుంటుంది. అచ్చు పడేటప్పుడు ప్లాస్టిక్ గాడిలోకి పూర్తిగా దిగకపోతే బట్ట చింపుతున్నట్టు చప్పుడు వస్తుంది, ఎంత తుడిచినా పోదు. వంగిన పళ్లెం పక్కనుంచి చూస్తే కనిపిస్తుంది. బరువు చూసి మోసపోవద్దు. 180 గ్రాముల పళ్లెం చేతికి బాగుంటుంది గానీ కోత బాగాలేకపోతే బరువు దాన్ని మెరుగుపరచదు.

ఇక రాతకు వద్దాం. కొత్త రికార్డు గురించి రాసేవాడికి సులువుగా దొరికే మాటలు కొన్ని ఉన్నాయి: చీకటి, లోతు, సమ్మోహనం, పారిశ్రామికం. నూటికి తొంభై టెక్నో రికార్డులకు ఈ నాలుగూ అతుకుతాయి, అందుకే వీటితో ఏమీ తెలియదు. పనికొచ్చే సమీక్ష వేరే సంగతులు చెబుతుంది. వేగం 128 దగ్గరా, 145 దగ్గరా? బేస్ కిక్‌తో పాటే కొడుతుందా, దాని సందుల్లో దూరుతుందా? రాత్రి పదకొండుకు జనం చేరేటప్పుడు వేయాలా, తెల్లవారుజామున మూడింటికా? గాత్రం ఉందా, ఉంటే ఎక్కడ పడుతుంది? ఒక్కోసారి ఏమి లేదో చెప్పడమే అసలు సమీక్ష. డెట్రాయిట్‌కు చెందిన డెరిక్ మే 1987లో ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’ తెచ్చాడు. దాని గురించి ఎన్ని పుటలు రాసినా, బేస్ వరసే లేకుండా జనాన్ని ఎగిరించిన ట్రాకు అన్న ఒక్క మాట చెబితే డీజేకు దాన్ని ఎక్కడ వాడాలో తెలిసిపోతుంది.

అమ్మేవాడే సమీక్ష రాస్తే నమ్మడం ఎలా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మంచి దుకాణంలో అసలు తీర్పు రాతలో ఉండదు, అరలో ఉంటుంది. తెప్పించకపోవడమే వాళ్ల విమర్శ. వడపోత అక్కడ అయిపోయాక రాతలో పొగడాల్సిన పని మిగలదు. మార్సెల్ డెట్‌మన్, ఎలెక్ట్రిక్ ఇండిగో లాంటి డీజేలు హార్డ్ వాక్స్ గల్లా వెనక పనిచేసినవాళ్లే. రోజంతా కొత్త రికార్డులు విని ఇది ఉంచు, అది వద్దు అని ఎంచడం ఎంత పెద్ద చదువో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడు చాలామంది ఇంటర్నెట్‌లో నిమిషం ముక్క విని కొంటున్నారు. తప్పేమీ లేదు, కానీ ఆ ముక్కను ఎంచింది అమ్మేవాడు. అందులో ఉండేది ఎప్పుడూ ట్రాకు పతాక ఘట్టమే. అతుకు వేసే అంచులూ బీ2లోని పిచ్చీ అందులో వినిపించవు.

కొత్త పన్నెండంగుళాల రికార్డు యూరప్ నుంచి మన దాకా రావాలంటే ధర మీద రవాణా, సుంకం అదనం. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ ఫ్యాక్టరీ కాలిపోయింది. కోతకు వాడే ల్యాకర్ పళ్లేలు చేసే ఫ్యాక్టరీలు అప్పటికి ప్రపంచంలో రెండే, అందులో అదొకటి. ఆ తర్వాత అచ్చుకు నెలల తరబడి వరస కట్టాల్సి వచ్చింది. అయినా ఈ పని ఆగలేదు. డెట్రాయిట్‌లో 1965 నుంచి ఒకే కుటుంబం చేతుల్లో నడిచిన ఆర్చర్ ఫ్యాక్టరీ అక్కడి టెక్నోకు అచ్చు వేస్తూ వచ్చింది. 2024 మార్చిలో బెర్లిన్ టెక్నో సంస్కృతిని జర్మనీ తన జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నట్టు, డెట్రాయిట్ ట్రాకులు ప్రపంచానికి తెలియకముందే, 1982లో బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ టీబీ-303 బేస్, టీఆర్-808 డ్రమ్ యంత్రాల మీద పది రాగాలు వాయించి హెచ్‌ఎంవీకి ఎల్పీ ఇచ్చాడు. అప్పుడు ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ అచ్చయ్యాక యూరప్ దుకాణాలు ఎగబడ్డాయి. సూది పెట్టి చూసేవాళ్లు ఆనాడు మన దగ్గర లేకపోయారు.

చదువుకో ఉద్యోగానికో బెర్లిన్‌లో, లండన్‌లో, డెట్రాయిట్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఒక శనివారం మీ ఊళ్లోని రికార్డుల దుకాణానికి వెళ్లండి. గాళ్ల మీద వేలు పడకుండా అంచు పట్టుకోండి, విన్నదాన్ని తిరిగి దాని అట్టలో పెట్టండి, ఏమీ తెలియదని గల్లా దగ్గర చెప్పడానికి మొహమాటపడకండి. పది వింటే ఒకటి నచ్చుతుంది, అది కొనండి. కొన్నాక దాని గురించి తెలుగులో ఒక్క వాక్యం రాయండి, అందులో లోతు, చీకటి అన్న మాటలు మాత్రం వాడకండి.