డార్క్‌రూమ్ నుంచి డిజిటల్ ప్రింటుకు: పోయినదేమిటి?

నలుపు తెలుపు ఫోటో ముద్రణ డిజిటల్ పద్ధతికి మారాక కళాకారుని చేతిపని పోయిందనే విమర్శ తరచూ వినిపిస్తుంది. దీన్ని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

ఆన్సెల్ ఆడమ్స్ 1941లో అమెరికాలోని న్యూ మెక్సికోలో తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ చిత్రాన్ని దశాబ్దాలపాటు పదేపదే ముద్రించాడు. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగులో, మబ్బుల జాడలతో కనిపిస్తుంది. తరువాతి వాటిలో దాదాపు నల్లబడుతుంది. 1948లో నెగెటివ్ కింది భాగాన్ని రసాయనంతో గాఢపరిచినా, ఆకాశంలోని మార్పు మాత్రం ముద్రణలో వచ్చినదే. ఎన్‌లార్జర్ కింద ఏ భాగానికి ఎంతసేపు వెలుగు తగలాలో ప్రతిసారీ అతడే నిర్ణయించుకున్నాడు.

డిజిటల్ ముద్రణలోనూ ఈ నిర్ణయం ఉంది. వెలుగునీడలను తెరపై మరింత సూక్ష్మంగా సవరించవచ్చు. కాబట్టి చేతిపని పోయిందనడం సరికాదు. అయితే ఇక్కడ సవరణ ఫైల్‌లో నిలిచిపోతుంది. నూరో ప్రింటు మొదటిదానిలాగే వస్తుంది. డార్క్‌రూమ్‌లో ప్రతి కాగితం దగ్గరా మళ్ళీ ఆలోచించక తప్పదు. పోయింది నైపుణ్యం కాదు, ఆ నిర్బంధం. డిజిటల్ కళాకారుడు దాన్ని తనకు తానే విధించుకోవాలి.

అభ్యాసం: ఒకే ఫోటోను నలుపు తెలుపులో రెండు విధాలుగా ముద్రించండి. ఆకాశం గాఢత మారినప్పుడు భావం ఎలా మారిందో ఐదు వాక్యాల్లో రాయండి.