పంజాగుట్ట: ఒక శబ్దార్థ విచారము

స్థలనామ పరిశోధనలో మన విద్యార్థులు తఱచుగా నొక తొందరపాటునకు లోనగుచున్నారు. నామమును ఖండించి, ఆ ఖండములకు నిఘంటువులో మొదట కనబడు నర్థమును గ్రహించి, దానికి సరిపడు కథ నొకదానిని జోడించుట పరిపాటి యైనది. ఈ పద్ధతి యెంతవఱకు నిలుచునో హైదరాబాదులోని పంజాగుట్ట యను నామముతో పరీక్షింతము.

పొరుగున నున్న అమీరుపేటవలె నిదియు అన్యదేశ్య దేశ్యముల కలయిక. అమీరుపేటలో చిక్కు తక్కువ. అరబ్బీలో ఆజ్ఞాపించువాడను నర్థము గల ‘అమీర్’ ఉర్దూలో ధనవంతునికి చెల్లినది, ‘పేట’ మనదే. పంజాగుట్టలో గుట్ట స్పష్టము; పంజా యట్లు కాదు.

పారసీకమున ‘పంజ్’ అనగా అయిదు. సంస్కృతమందలి ‘పంచ’ దీనికి సోదరశబ్దము; పంజాబు పేరులో నున్నదియు నిదియే. దానినుండి పుట్టిన ‘పంజా’ అయిదు వ్రేళ్లు గల హస్తము. ఈ పదము తెలుగున పులి మున్నగు మృగముల పాదమునకు పరిమితమై భయమును స్ఫురింపజేయును. హైదరాబాదు మొహర్రములో నదే పదము పీరుపై నిలుచు లోహహస్తము. దాని యయిదు వ్రేళ్లు మహమ్మదు ప్రవక్తను, ఫాతిమాను, అలీని, హసన్ హుసేనులను స్మరింపజేయును. ఒకచోట గోరు, వేఱొకచోట శరణ్యము.

కావున అయిదు గుట్టలు, మృగపాదపు గుట్ట, హస్తపు గుట్ట అని మూడర్థములు సాధ్యములు. మొదటిదానిని మే మంగీకరింపజాలము. హలంతములైన పారసీకపదములు తెలుగున ఉకారాంతము లగుట సామాన్యము: రోజ్ - రోజు, ఖర్చ్ - ఖర్చు. ‘అమీర్’ సయితము అమీరుపేటలో నుకారమునే గ్రహించినది. ఆ లెక్కన ‘పంజుగుట్ట’ కావలెను. ఆకారాంతములు దర్వాజా - దర్వాజవలె అచ్చును నిలుపుకొనును. పంజాగుట్ట, పంజగుట్ట యను రెండు రూపములును దీనికే యనుకూలములు. రెండవ యర్థమునకు ముందొక మృగము పేరుండుట తెలుగు వాడుక. ఇచట నది లేదు. మూడవదానికి నగరమందే పోలిక కలదు: హజ్రత్ అలీ హస్తముద్రగా భక్తులు నమ్ము చిహ్నముచే మౌలాలీ గుట్ట ప్రసిద్ధము.

అయినను ఇది శబ్దబలము మాత్రమే. పాత దస్తావేజులలో పారసీక లిపిలోని రూపమును చూచినగాని సిద్ధాంతము కాదు. ఆ లిపి చదువలేని పరిశోధకుడు తెలంగాణ స్థలనామములలో సగమును ఊహకు వదలివేయవలసి వచ్చును. కనుక ఈ శాఖలో స్థలనామములపై పనిచేయ బూనిన విద్యార్థికి ఉర్దూ పరిచయము అలంకారము కాదు, అవసరమని మా యభిప్రాయము.