గాజుపోగు అతుకు

గుంటూరు–తెనాలి రైలు మార్గం మీదున్న సంగం జాగర్లమూడిలాంటి ఊళ్లో ఇంటర్నెట్ ఎలా వస్తుందని అడిగితే చాలామంది సెల్ టవర్ చూపిస్తారు. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఫోనుకు వైఫై అందేది గాలిలోనే, నిజమే. అది ఆఖరి నాలుగు గజాల సంగతి. అంతకుముందు దారంతా స్తంభాల మీదుగా సాగే నల్లటి కేబుల్‌దే. ఏపీ ఫైబర్‌నెట్ కూడా భూమి తవ్వే ఖర్చు లేకుండా ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు.

ఆ కేబుల్ లోపలి గాజుపోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచేది దాని నడిమధ్యనున్న తొమ్మిది మైక్రాన్ల కోర్‌లో. తెగినచోట రెండు పోగుల కోర్‌లూ ఎదురెదురుగా కుదరాలి. ఈ పనిని స్ప్లైసింగ్ అంటారు. దగ్గర నిలబడి చూడదగ్గ పని.

ముందుగా అతుకును కాపాడే చిన్న స్లీవును పోగుకు తొడగాలి. మరిచిపోయి అతికేస్తే మళ్లీ తెంచాల్సిందే. రంగుపూత వలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో పోగును నిటారుగా విరుస్తారు. కోత ఒక్క డిగ్రీ వాలినా అతుకు చెడుతుంది. విరిగిన ముక్క ఒంట్లో గుచ్చుకుంటే కంటికి కనపడదు గనక, మంచి పనివాళ్లు దాన్ని వెంటనే డబ్బాలో వేస్తారు. తర్వాత యంత్రం రెండు కొసలనూ తెరమీద పెద్దవిగా చూపి, వరస కుదిర్చి, విద్యుత్ మెరుపుతో కరిగించి ఒకటి చేస్తుంది. నష్టం 0.02 డెసిబెల్ అని చూపితే, వెయ్యి పాళ్ల వెలుగులో పోయింది అయిదు పాళ్లలోపే అన్నమాట. నన్నడిగితే యంత్రం గొప్పదనం సగమే. తుడవడం, విరవడం చేతి పనులు. చెయ్యి తొందరపడితే ఏ యంత్రమూ కాపాడలేదు.

ఇక పంపకం. ఆపరేటర్ గదిలోని ఓఎల్‌టీ అనే యంత్రం నుంచి వచ్చే ఒక్క పోగును స్ప్లిటర్ అనే పెట్టె 32 ఇళ్లకు చీలుస్తుంది. ఆ పెట్టెకు కరెంటు అక్కర్లేదు. కృష్ణా కాలువల కింద సేద్యం చేసేవాళ్లకు ఈ చీలిక తెలిసినట్టే ఉంటుంది కానీ, ఒక తేడా ఉంది. చీలిన కొద్దీ వెలుగు తగ్గుతుంది, సమాచారం మాత్రం తగ్గదు. అందరికీ రావలసినదంతా ప్రతి ఇంటికీ చేరుతుంది. ఇంట్లో పోగు వచ్చి చేరే ఓఎన్‌యూ అనే పరికరం తనదేదో ఏరుకుని మిగిలింది వదిలేస్తుంది. ఇంటి నుంచి వెనక్కి పంపేటప్పుడు మాత్రం అచ్చంగా కాలువ వంతే. ఎవరి వంతులో వాళ్లే పంపాలి. గాజులో వెలుగు కిలోమీటరు నడవడానికి సుమారు అయిదు మైక్రోసెకన్లు పడుతుంది. అందుకే ఓఎల్‌టీ ప్రతి ఇంటి దూరాన్నీ కొలిచి, దగ్గరివాళ్లను ఆ మేరకు ఆగమంటుంది. ఊరి మొదట్లో ఇల్లూ చివర్లో ఇల్లూ పంపినవి ఢీకొనకుండా చేరేది దీనివల్లే. ఈ ఏర్పాటు ఆలోచించినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇంట్లోకి వచ్చాక రౌటర్ పని. ఫోనుకూ టీవీకీ 192.168.1.5 వంటి చిరునామాలు వేరువేరుగా ఇచ్చి, వచ్చినవాటిని ఎవరివి వాళ్లకు అందిస్తుంది.

కనెక్షన్ ఇచ్చాక మీటరు పెట్టి చూస్తారు. మైనస్ 20 డీబీఎం వస్తే మిల్లీవాట్‌లో నూరో వంతు వెలుగు చేరినట్టు. అది చాలు. మైనస్ 27 దగ్గరైనా ఒక్కోసారి పచ్చ లైటు వెలుగుతుంది, ఇంటివాళ్లూ సంతోషిస్తారు. పని తెలిసిన మనిషి ఒప్పుకోడు. కేబుల్ కాస్త వంగినా, సిగ్నల్ పోయిందని చెప్పే లాస్ లైటు ఎర్రబడుతుందని తెలుసు గనక, మళ్లీ స్తంభమెక్కి జాయింటు పెట్టె విప్పుతాడు. చెడ్డ అతుకు కోసి కొత్తది వేస్తాడు. అందుకు సరిపడా పోగును మొదట జాయింటు వేసినవారే ఆ పెట్టెలో చుట్టగా వదిలి ఉంటారు.