అశ్వత్థామ పగ - శిబిర ద్వారం

ఈమధ్య నాయుడుపేటలో ఒక కళాశాల వార్షికోత్సవానికి విద్యార్థులు అశ్వత్థామ కథను నాటికగా ఆడారు. రచనా, దర్శకత్వమూ వారివే. రాయబారం పద్యాలతో సరిపెట్టుకొనే చోట ఇరవై యేళ్లు నిండని పిల్లలు సౌప్తిక పర్వానికి చెయ్యి చాచడం సాహసమే. పైగా 2022 వరకూ నెల్లూరు జిల్లాలో వున్న ఈ వూరికి తిక్కన పరాయివాడు కాడు. మెచ్చుకోవడానికే వెళ్లాను. కాని చూసి వచ్చాక మెప్పుతో ఆగలేకపోతున్నాను.

వారి అశ్వత్థామ నల్లని దుస్తులతో వస్తాడు. అబద్ధమాడి ద్రోణునిచేత అస్త్రం వదిలించారు. ధృష్టద్యుమ్నుడు తల నరికాడు. ఆ కోపం న్యాయమైనదే. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి అతనికి ఆలోచన తట్టే ఘట్టాన్ని పిల్లలు చాలా బాగా కట్టారు. తరువాత చీకటి, ఎర్రదీపం, కేకలు, హాలంతా చప్పట్లు. దుర్యోధనునికి వార్త చెప్పడంతో తెర పడింది.

ఈ పగ మొదలు ఎక్కడ? చిన్నప్పుడు అశ్వత్థామ పిండి కలిపిన నీళ్లను పాలనుకొని తాగాడు. ఆ దరిద్రం భరించలేక ద్రోణుడు పాత స్నేహితుడు ద్రుపదుని దగ్గరకు పోయి అవమానం పొందాడు. శిష్యులచేత అతన్ని పట్టి తెప్పించి సగం రాజ్యం తీసుకున్నాడు. ఆ అవమానానికి ద్రుపదుడు యజ్ఞం చేసి ధృష్టద్యుమ్నుణ్ణి కన్నాడు. పేదవాని ఆకలి రాజ్యాల పద్దులోకి మారిన తీరు ఇది. నాటికలో పిండినీళ్ల ప్రసక్తే లేదు.

ఇక రెండవ కొస. ఆ రాత్రి చచ్చింది ధృష్టద్యుమ్నుడొక్కడే కాదు. ఉపపాండవులు అయిదుగురూ పోయారు. బెదిరి పరుగెత్తిన సైనికులను శిబిర ద్వారం దగ్గర కృపుడూ కృతవర్మా నరికారు. ద్రోణుని చావులో ఆ సైనికుల తప్పేమిటి? నాటికలో ఆ ద్వారమే లేదు. నిద్రపోయేవారిని చంపరాదని మేనమామ కృపుడు ముందు చేసిన వాదన కూడా ఎగిరిపోయింది. తండ్రి భూతం చెప్పినా హామ్లెట్ అయిదంకాలు వెనకాడుతాడు. ఆ వెనకాడడం తీసేస్తే మిగిలేది కత్తి ఒక్కటే.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఎ.డి.’ చిత్రం మీద నాకు వేరే అభ్యంతరాలున్నాయి. అయినా అది ఉత్తర గర్భం మీద అతడు చేసిన నేరంతో, దానికి పడిన శాపంతో మొదలవుతుంది. వ్యాపార చిత్రం మరువని సంగతిని మన విద్యార్థులు మరిచారు.

పీడితులకు క్షమ బోధించే పెద్దలతో నాకు పొత్తు లేదు. కాని అశ్వత్థామ అప్పటికి పీడితుడు కాడు. పోతన భాగవతంలో, పట్టి తెచ్చిన ఈ హంతకుణ్ణి విడిచిపెట్టమని ద్రౌపది అంటుంది. తనలాగే కృపి ఏడవకూడదంటుంది. భీముడు ఒప్పుకోడు. చీకటి కావాలనుకొనే యువ రచయితకు ఇంతకన్న చీకటి ఘట్టం ఎక్కడ దొరుకుతుంది?

నాటిక రాసిన కుర్రవానితో ఇదంతా అన్నాను. ఓపికగా విన్నాడు. “ద్వారం దగ్గర చచ్చేవాళ్లుగా వెయ్యడానికి ఎవరూ దొరకరు మాష్టారూ, అందరికీ అశ్వత్థామ వేషమే కావాలి” అన్నాడు. వచ్చే యేడు తానే ఆ సైనికుల్లో ఒకడుగా వేస్తానని కూడా అన్నాడు.