ఆకారం కన్నా చోటు ముఖ్యం

ఒసాకాలోని దోజిమా బియ్యం మార్కెట్‌కు తోకుగావా ప్రభుత్వం 1730లో అధికారికంగా అనుమతినిచ్చింది. రాబోయే తేదీకి ఒప్పుకున్న ధర మీద కూడా అక్కడ బేరాలు సాగేవి. ఇవాళ డాలర్–యెన్ ధర చూసేవాళ్ల ఫోన్లలో కనిపించే క్యాండిల్ చార్టు ఆ జపాన్ వర్తకుల వారసత్వమే. సకాతా ఊరి బియ్యం వ్యాపారి హొమ్మా మునేహిసా దాన్ని కనిపెట్టాడని ట్రేడింగ్ పుస్తకాలు తరచూ రాస్తుంటాయి. గట్టి ఆధారం లేదు; తర్వాతి మెయిజీ కాలంలో ఈ రూపం వచ్చిందన్న వాదనే నాకు నమ్మదగ్గదిగా తోస్తుంది. పాశ్చాత్యులకు దాన్ని బాగా పరిచయం చేసింది 1991లో వచ్చిన స్టీవ్ నీసన్ పుస్తకం.

ఒక్కో క్యాండిల్‌లో ఒక గడువుకు, అంటే గంటకో రోజుకో, సంబంధించిన నాలుగు ధరలుంటాయి: మొదలు, ముగింపు, గరిష్ఠం, కనిష్ఠం. మొదలుకీ ముగింపుకీ మధ్య మందంగా ఉండేది బాడీ, పైనా కిందా సన్నగా ఉండేవి విక్‌లు. మనకు పెరిగితే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. జపాన్‌లో సాధారణంగా పెరుగుదలకే ఎరుపు. ఇంకో తిరకాసు కూడా ఉంది. డాలర్–యెన్ చార్టు పైకి పోతోందంటే యెన్ పడుతోందని అర్థం. కరెన్సీలో ఒకటి కొన్నారంటే రెండోది అమ్మినట్టే.

కొనుగోలు సంకేతాల్లో అందరూ ముందు నేర్చుకునేది హామర్. తగ్గుదల చివర్లో ధర బాగా పడి, క్యాండిల్ గడువు ముగిసేలోపు తిరిగి లేస్తే చిన్న బాడీ కింద దానికి కనీసం రెండింతల విక్ మిగులుతుంది. అమ్మేవాళ్లు కిందికి లాగారు కానీ నిలబెట్టలేకపోయారు. పెరుగుదల చివర్లో విక్ పైవైపు పొడుగ్గా మిగిలితే అది షూటింగ్ స్టార్, అమ్మకం సంకేతం. నిన్నటి ఎర్ర బాడీని ఇవాళ్టి ఆకుపచ్చ బాడీ పూర్తిగా మింగేస్తే బుల్లిష్ ఎంగల్ఫింగ్. రంగులు తారుమారైతే బేరిష్. డోజిలో మొదలూ ముగింపూ దాదాపు ఒకేచోట ఉంటాయి. మార్కెట్ ఎటూ తేల్చుకోలేదనే తప్ప అది ఇంకేమీ చెప్పదు. ఒక్క డోజిని చూసి కొనేసేవాళ్ల ధైర్యం ఏమిటో!

ఇవన్నీ ఆకారాలే. ఇదివరకు ధర పలుమార్లు ఆగిన సపోర్ట్ దగ్గర వచ్చిన హామర్‌కు విలువుంది, నడిమధ్యలో వచ్చినదానికి లేదు. క్యాండిల్ ముగిసేదాకా ఆగాలి. గంట ముందు హామర్‌లా కనిపించింది ముగిసేసరికి నిండు ఎర్ర క్యాండిల్ కావచ్చు.

2024 ఏప్రిల్ 29 చూడండి. డాలర్ 160 యెన్లు దాటింది. జపాన్ ఆర్థిక శాఖ డాలర్లు అమ్మించడంతో గంటల్లోనే ధర జారి, ఆ రోజు క్యాండిల్‌కు పైన పొడవాటి విక్ మిగిలింది. అమ్మకం సంకేతమే. మే 3కల్లా ధర 152 కిందికి దిగింది కూడా. కానీ జూలై మొదటికల్లా మళ్లీ ఎగబాకి 161 కూడా దాటేసింది. ఆ విక్‌ను నమ్మి నెలల తరబడి అమ్మి కూర్చున్నవాళ్లు మునిగారు.

ఇక్కడే ఇచిమోకు అనే ఇంకో జపాన్ చార్టు పద్ధతి పనికొస్తుంది. గొయిచి హొసోదా అనే పాత్రికేయుడు ఏళ్ల తరబడి చెక్కి 1960ల చివర్లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. గడిచిన 9 రోజుల గరిష్ఠ కనిష్ఠాల నడిమి గీత ఒకటి, 26 రోజులది ఇంకొకటి. మొదటిది రెండోదాన్ని దాటి పైకెళ్తే కొనుగోలు, కిందికొస్తే అమ్మకం. ఈ రెండింటి సగటునూ, 52 రోజుల నడిమి విలువనూ 26 రోజులు ముందుకు జరిపి గీస్తే మధ్యలో ఏర్పడేది క్లౌడ్. ధర దాని పైనుంటే కొనుగోలు సంకేతాలకు, కిందుంటే అమ్మకం సంకేతాలకు బరువెక్కువ. మే 3న 152 కిందికి జారినా ధర క్లౌడ్ పైనే ఉంది. అంటే అది ట్రెండ్ మలుపు కాదు. జూలై చివర్లో మాత్రం క్లౌడ్‌ను చీల్చుకుని కిందికొచ్చి, ఆగస్టు 5న 142 దగ్గరికి పడింది. ధర ఊగిసలాడే నెలల్లో ఇదే ఇచిమోకు తప్పుడు సంకేతాలతో విసిగిస్తుంది, నిజమైన మలుపును కూడా ఆలస్యంగానే చెబుతుంది.

ఈ సంకేతాలు నేర్చుకుని బేరాలకు దిగేముందు నిబంధనలు కూడా చూసుకోవాలి. మన దగ్గర రూపాయి కరెన్సీ ఫ్యూచర్స్ ఎక్స్ఛేంజీల్లో ఉన్నా, 2024 మే నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం నిజంగా విదేశీ మారక అవసరం ఉన్నవాళ్లే వాటిని వాడుకోవాలి. ఈ క్యాండిళ్లు చూపించి లాభాలు ఊరించే చాలా ఫారెక్స్ యాప్‌లకు ఇక్కడ అనుమతి లేదు. అలాంటివాటి పేర్లతో రిజర్వ్ బ్యాంక్ హెచ్చరిక జాబితా ప్రకటిస్తోంది.